కొత్త డిజైన్ కోసం ఎంత దూరం వెళ్లాలి? (బెంగళూరులో ఉన్నవాళ్లు చెప్పండి)

సుధ_అద్దకం
మారతహళ్లి దగ్గర ఒక చిన్న బట్టల యూనిట్‌లో ప్రింట్ డిజైన్లు వేస్తాను. చీరలు, దుపట్టాలు, కుర్తీ మెటీరియల్. చేరిన కొత్తలో ఏది గీసినా బాగానే కుదిరేది. ఈ మధ్య ఏది గీసినా ఎక్కడో చూసినట్టే ఉంటోంది. మా ఓనర్ కూడా అదే మాట అంటున్నారు. మామిడిపిందె, తామరపువ్వు, నెమలి, ఏనుగు, మళ్లీ మామిడిపిందె. నెట్‌లో వెతికితే వేల డిజైన్లు దొరుకుతాయి, కానీ అవే అందరికీ దొరుకుతాయి కదా.

ప్రకృతిలోకి వెళ్తే బుర్ర తెరుచుకుంటుందని అందరూ అంటే కూర్గ్ వెళ్లొచ్చాను, చిక్కమగళూరు వెళ్లొచ్చాను. కొండలు, మంచు, కాఫీ తోటలు, అన్నీ చాలా బాగున్నాయి. ఫోన్ నిండా ఫోటోలు. ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చుంటే మాత్రం చెయ్యి కదలదు. ఇప్పుడు సెలవు పెట్టి హిమాచల్ వెళ్దామా అని ఆలోచిస్తున్నాను. ఖర్చు తక్కువేం కాదు.

ఇక్కడ కథలు రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, సంగీతం నేర్చుకునేవాళ్లు ఉన్నారని తెలుసు. మీకు పని ఎక్కడ మొదలవుతుంది? పెద్ద మాటలు వద్దు. ఫలానా రోజు ఫలానాది చూశాను, దాంతో ఇది చేశాను అని చెప్తే నాకు ఉపయోగం.

కోడ్_కూలీ
ప్రేరణ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నెలాఖరుకి జీతం రాదండీ. డెడ్‌లైన్ పెట్టుకోండి, అదే పుట్టిస్తుంది. హిమాచల్ డబ్బులు ఎఫ్‌డీ వేసుకోండి.

విజయక్క_మల్లేశ్వరం
డెడ్‌లైన్ పని పూర్తి చేయిస్తుంది బాబూ, కొత్తది పుట్టించదు. ఆ అమ్మాయి అడుగుతున్నది వేరే.

సుధా, కొండ ముందు నిలబడితే మనసు నిండుతుంది, నిజమే. కానీ కొండను చీర అంచు మీద ఏం చేసుకుంటావు? అంత పెద్దదాంట్లోంచి పట్టుకోవడానికి చేతికి ఏదీ అందదు. నేను నీటిరంగులు వేస్తాను. మా వీధిలో కానుగ చెట్లున్నాయి, ఇక్కడివాళ్లు హొంగె అంటారు. ఎండలు ముదిరే రోజుల్లో పొద్దున్నే పేవ్‌మెంట్ మీద బొరుగులు ఒలకబోసినట్టు పూలు రాలి ఉంటాయి. దూరం నుంచి తెల్లగా కనిపిస్తాయి. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తే తెలుపు కాదు, లేత ఊదా. చిక్కుడుపువ్వు ఆకారమే, పొడవు గోరంత కూడా ఉండదు. తొడిమ దగ్గర చిన్న గోధుమరంగు గిన్నె, ఆ గిన్నెలోంచి రేకులు బయటికి వస్తాయి. ఆ గోధుమరంగు పక్కన పెడితేనే ఊదా ఊదాలా కనిపిస్తుంది. ఆ రెండు రంగులతోనే నేను ఒక వేసవంతా బొమ్మలు వేశాను. చెట్టు మొత్తాన్ని ఒక్కసారి కూడా వెయ్యలేదు.

లయబద్ధం
అక్క చెప్పింది నా అనుభవం కూడా. నేను మృదంగం నేర్చుకుంటున్నాను, జయనగర్‌లో ఉంటాను. ఫిబ్రవరి వచ్చిందంటే మా ఎదురు చెట్టు మీద కంసాలి పిట్ట మొదలుపెడుతుంది. పిచ్చుకంత ఉంటుంది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుటి మీద ఎర్ర బొట్టు. టుక్, టుక్, టుక్ అని ఒకటే దెబ్బ. ముక్కు తెరవదు, గొంతు మాత్రం ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది.

మా గురువుగారు ఎప్పుడూ ఒకటే తిడతారు, వేగం పెంచేస్తున్నావు అని. నిజంగానే మనిషి చెయ్యి తెలియకుండానే పరిగెడుతుంది. ఆ పిట్ట పరిగెత్తదు. దాని దెబ్బకి దెబ్బకి మధ్య ఉన్న ఖాళీలో నేను ఖండగతి వేసుకుని చూశాను, అంటే ఐదు సమానమైన దెబ్బలు. పిట్ట ఆపేస్తే నేను ఎక్కడున్నానో వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ వెతుకులాటలోంచే ఒక చిన్న మోహరా (ముగింపుకి ముందు వాయించే వరస) కుదిరింది, మధ్యలో ఊహించని చోట నిశ్శబ్దం వచ్చేలా. గురువుగారు విని ఇది ఎవరు చెప్పారు అని అడిగారు.

రాత్రి_షిఫ్ట్
పిట్ట అని చెప్పారా?

లయబద్ధం
చెప్పాను. ఇంకో పిట్ట దగ్గరికి కూడా వెళ్లు అన్నారు.

సుధ_అద్దకం
అక్కా, మీ వీధిలో కానుగలున్నాయి, ఈయన ఎదురింట్లో పిట్ట ఉంది. నాది తొమ్మిదో అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే ఔటర్ రింగ్ రోడ్డు, మెట్రో పని, నీళ్ల ట్యాంకర్లు. నాకున్న ప్రకృతి ఏంటంటే పావురాలు, ఒక నిమ్మ కుండీ. ఆ నిమ్మకు కూడా ఆకులకి ఏదో జబ్బు. పడేద్దామనుకుంటున్నాను.

గూడూరు_రైతుబిడ్డ
ఆగండి, పడేయకండి. ఏం జబ్బు? ఆకు ముడుచుకుందా, పండిందా, మచ్చలా? సరిగ్గా చెప్పండి. మాది నిమ్మతోటల ఊరు.

సుధ_అద్దకం
ఇప్పుడే వెళ్లి కుండీ ముందు కూర్చున్నాను. లేత ఆకులకే ఉంది, ముదురువి బాగానే ఉన్నాయి. ఆకు మీద వెండి రంగులో ఒక గీత. నత్త పాకినట్టు అనుకున్నాను కానీ తుడిస్తే పోవట్లేదు, ఆకు లోపలే ఉంది. ఈనె పక్కన వెంట్రుకంత సన్నగా మొదలైంది. అక్కడినుంచి వంకర తిరిగి, ఇంకో వంకర తిరిగి, వెళ్లేకొద్దీ వెడల్పు అవుతోంది. గీత మధ్యలో ఇంకో సన్నని నల్ల గీత, మొదటినుంచి చివరిదాకా తెగకుండా ఉంది. ఒక వంపు పక్కనే ఇంకో వంపు, మధ్యలో సన్నటి పచ్చని సందు. చివరికి ఆకు అంచు దగ్గరికి చేరి, అక్కడ అంచు లోపలికి మడత పడింది. మడత లోపల ఏముందో చూడలేదు, కొంచెం భయం వేసింది.

గూడూరు_రైతుబిడ్డ
పాముపొడ. మా దగ్గర అదే పేరు. ఆకు పైపొర కింద చిన్న పురుగు దూరి తింటూ పోతుంది. మీరు చూసిన మడతలో అది పడుకుని రెక్కల పురుగై బయటికి వస్తుంది. లేత చిగుళ్లకే వస్తుంది, ముదురు ఆకుల జోలికి రాదు. ఒక్క కుండీనే కాబట్టి భయం లేదు, పట్టిన ఆకులు తుంచి దూరంగా పారేయండి, కొత్త చిగురు వచ్చేటప్పుడు వేపనూనె పల్చగా కలిపి కొట్టండి.

విజయక్క_మల్లేశ్వరం
అన్ని ఆకులూ తుంచేయకు సుధా! పైన నువ్వు రాసింది నువ్వే మళ్లీ చదువుకో. సన్నగా మొదలై, పోయేకొద్దీ వెడల్పై, అంచుకి చేరి మడతపడే గీత. కూర్గ్ గురించి "కొండలు, మంచు, కాఫీ తోటలు" అని మూడు మాటల్లో చెప్పావు. ఈ ఆకు గురించి ఒక పేరా రాశావు.

కోడ్_కూలీ
పాయింటే. కానీ ఆ గీత మధ్యలో నల్లగా ఉన్నది ఏంటి?

పురుగుల_మాస్టారు
అది పురుగు విసర్జన. తింటూ ముందుకి పోతూ వెనక వదిలిన రెట్ట. పురుగు పెరిగేకొద్దీ సొరంగం వెడల్పు పెరుగుతుంది. అంటే ఆ గీత దాని వయసు. మొదలు దగ్గర అది గుడ్డులోంచి వచ్చిన రోజు, చివర అది పెద్దదైన రోజు. జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని, ఇలాంటివి చూస్తే ఆగలేను.

కోడ్_కూలీ
చీర మీద పురుగు రెట్ట. ఓనర్‌గారికి చెప్పేటప్పుడు నన్ను కూడా పిలవండి.

సుధ_అద్దకం
😄 ఓనర్‌కి "సర్ప రేఖ" అని చెప్తా.

మాస్టారూ, ఆ గీత దాని వయసు అన్నారు చూశారా, అది చదివాక మళ్లీ ఆకు దగ్గరికి వెళ్లాను.

గూడూరు_రైతుబిడ్డ
ఒక మాట చెప్పాలి, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మీకది డిజైన్. మా నాన్నకి అది మందు ఖర్చు. లేత చిగురుకి పాముపొడ పట్టిందంటే ఆ ఆకు సరిగా పనిచేయదు, ఆ గాయంలోంచి గజ్జి తెగులు కూడా ఎక్కుతుంది. గజ్జి పట్టిన కాయకి మార్కెట్‌లో ధర ఉండదు. చిన్నప్పుడు ఆ వెండి గీత చూస్తే ఇంట్లో అందరి మొహాలూ మారిపోయేవి. దాన్ని అందం అంటే నాకు లోపల ఎక్కడో కలుక్కుమంటుంది.

కథల_కామాక్షి
రైతుబిడ్డగారూ, మీరు చెప్పింది పక్కన పెట్టేది కాదు. కానీ సుధగారు అందంగా ఉందని ఎక్కడా అనలేదు. ఎలా ఉందో చెప్పారంతే. నిజానికి మీరు, ఆవిడ చేసింది ఒకటే పని, ఇద్దరూ ఆకును దగ్గరగా చూశారు. మీకు ధర కనిపించింది, ఆవిడకి వంపు కనిపించింది. నేనైతే ఇప్పుడు ఆ రెండూ ఒకే ఇంట్లో ఉన్న కథ రాయాలనుకుంటున్నాను. అమ్మాయి చీర మీద గీస్తున్న గీతను చూసి తండ్రి మొహం మారిపోవడం. మీకు అభ్యంతరం లేకపోతేనే.

గూడూరు_రైతుబిడ్డ
రాయండి. కాకపోతే మందు కొట్టే సన్నివేశం సరిగ్గా రాయండి, సినిమాల్లోలాగా మధ్యాహ్నం ఎండలో కొట్టించకండి. పొద్దున్నే గాని, చల్లబడ్డాక గాని కొడతారు.

కథల_కామాక్షి
ఇలాంటిదే నాకు కావాలి. రాసుకున్నాను.

నా అనుభవం కూడా చెప్తాను. మా ఇల్లు బనశంకరిలో, పాత ఇల్లు. కిటికీ చెక్క మీద కందిరీగ మట్టి కుండ కట్టింది. నిజంగా కుండే. ఉసిరికాయంత, పైన మెడ, మెడ చుట్టూ అంచు వెనక్కి తిరిగి ఉంది. ఎక్కడినుంచో తడి మట్టి ముద్ద తెస్తుంది, నోటితో ముందు కాళ్లతో పట్టీలా పరుస్తుంది, మళ్లీ వెళ్తుంది. ఒక్కో ముద్ద రంగు కొంచెం కొంచెం తేడా. అందుకే కుండ మీద చారలు కనిపిస్తాయి. మా అమ్మమ్మ అయితే ఇంట్లో కందిరీగ గూడు కడితే ఎవరో నీళ్లోసుకుంటారని అనేది, చీపురు తగలనిచ్చేది కాదు.

అది చూస్తుంటే భ్రమరకీట న్యాయం గుర్తొచ్చింది. కందిరీగ పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మని తిరిగితే, ఆ పురుగు భయంతో దాన్నే తలుచుకుంటూ చివరికి అదే కందిరీగ అయిపోతుందంటారు కదా. రాసేవాళ్ల పని అదే అనిపించింది. దేన్ని వదలకుండా చూస్తామో అదే అవుతాం.

పురుగుల_మాస్టారు
కామాక్షిగారూ, న్యాయం వేదాంతానికి బాగుంటుంది. గూట్లో జరిగేది మాత్రం వేరు. కుండ పూర్తయ్యాక కందిరీగ లోపల పైకప్పు నుంచి ఒక సన్నని పోగుకి గుడ్డును వేలాడదీస్తుంది. ఆ తర్వాత గొంగళిపురుగుల్ని పట్టి, కొండితో పొడిచి తెస్తుంది. అవి చావవు, కదలలేవు. అందుకే కుళ్లవు. వాటిని లోపల కుక్కి మూత పెట్టేసి వెళ్లిపోతుంది, మళ్లీ ఆ గూటి వైపు చూడదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగుల్ని తింటూ పెరుగుతుంది, పెరిగి కుండకి కన్నం పెట్టుకుని బయటికి వస్తుంది. పురుగును లోపల పెట్టడం చూసినవాళ్లు, తర్వాత కందిరీగ బయటికి రావడం చూశారు. మధ్యలో జరిగింది కనిపించలేదు కాబట్టి పురుగే కందిరీగ అయిందనుకున్నారు.

కథల_కామాక్షి
నేనేదో పవిత్రంగా రాస్తే మీరు భయానక కథ చేశారు. కానీ ఒప్పుకోనంటే ఒప్పుకోను మాస్టారూ. న్యాయం నిలబడుతుంది. పురుగు అలా కందిరీగ అవ్వదు, సరే. చూసే మనిషి సంగతి వేరు.

పురుగుల_మాస్టారు
నేను న్యాయాన్ని కొట్టేయడం లేదమ్మా. పోగుకి వేలాడే గుడ్డు న్యాయంలో లేదు. గూడు విప్పి చూసినవాడికే తెలుస్తుంది. కథకి అది పనికిరాదా?

కథల_కామాక్షి
వస్తుంది. చాలా బాగా వస్తుంది. రాత్రంతా అదే ఆలోచన.

విజయక్క_మల్లేశ్వరం
పురాణంలో అవధూత తనకి 24 మంది గురువులని చెప్తాడు. సాలెపురుగు, తేనెటీగ, చేప, కొండచిలువ, ఈ కందిరీగ కూడా అందులో ఉన్నాయి. నాకు వాళ్లందరిలో బాణాలు చేసేవాడంటే ఇష్టం. రాజు ఊరేగింపు పక్కనుంచి పోయినా తెలియనంతగా బాణం మీద చూపు పెట్టి కూర్చున్నాడట.

రాత్రి_షిఫ్ట్
ఆ 24లో పావురం కూడా ఉంది అక్కా. ఆయన మా బాల్కనీకి రాలేదు కాబట్టి గురువనుకున్నాడు.

సుధ_అద్దకం
మా బాల్కనీకి కూడా.

ఇంజనీర్_జేపీనగర్
జపాన్ బుల్లెట్ ట్రైన్ సంగతి ఇక్కడ చెప్పాలి. సొరంగంలోకి వేగంగా దూరేటప్పుడు గాలి నొక్కుకుపోయి అవతలి చివర పెద్ద శబ్దం వచ్చేది, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి ఇబ్బంది. ఎయిజీ నకాత్సు అనే ఇంజనీర్ లకుముకిపిట్ట నీళ్లలోకి చిందకుండా దూకడం చూసి, దాని ముక్కు ఆకారంలో రైలు ముందుభాగం చేయించాడు. 1997లో వచ్చిన 500 సిరీస్ రైలు అది. అలాగే 1941లో జార్జ్ డి మెస్ట్రాల్ తన బట్టలకీ కుక్క బొచ్చుకీ అంటుకున్న ముళ్లకాయల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే చిన్న కొక్కేలు కనిపించాయి, దాంట్లోంచి వెల్‌క్రో వచ్చింది. చిన్నదాన్ని చూడటం ఒక్క కళాకారుల పనే కాదు.

కోడ్_కూలీ
ఇది ప్రతి ఆఫీస్ ట్రైనింగ్‌లో చూపించే స్లైడు బ్రో.

కథల_కామాక్షి
స్లైడు అయినా అందులో వదిలేసే విషయం ఒకటుంది. నకాత్సుకి విడిగా పక్షుల్ని చూసే అలవాటు ఉంది. ఊరికే, ఏ లాభం లేకుండా చూసినవి పనికొచ్చాయి. డెస్టినేషన్ పెట్టుకుని "ఇవాళ నాకు ఐడియా రావాలి" అని బయల్దేరితే కళ్లు ఐడియా కోసమే వెతుకుతాయి, ఎదురుగా ఉన్నదాన్ని చూడవు.

కోడ్_కూలీ
సరే, అది ఒప్పుకుంటా. కానీ ఊరికే చూడటానికి టైమ్ ఎవరికుంది? పొద్దున క్యాబ్, రాత్రి క్యాబ్. ఆదివారం బట్టలు ఉతుక్కోవడానికే సరిపోతుంది. ఇదంతా తీరిక ఉన్నవాళ్ల మాట.

అమ్మ_ఆఫ్_ఇద్దరు
కోడ్ తమ్ముడూ, నాకు ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, ఇంట్లో అత్తగారికి మందులు. తీరిక అనే మాట విని చాలా కాలమైంది. అయినా పిల్లల పాటలు రాస్తాను. ఎక్కడ రాస్తానంటే, పెద్దదాన్ని బస్ ఎక్కించడానికి గేటు దగ్గర నిలబడే కాసేపట్లో. మా లేఅవుట్‌లో ఆకాశమల్లె చెట్టుంది. చలికాలం మొదట్లో రాత్రంతా పూలు రాల్చి పొద్దునకి నేలంతా తెల్లగా చేస్తుంది. పువ్వుకి పొడవాటి సన్నని గొట్టం ఉంటుంది, దారం లేకుండా గొట్టానికి గొట్టం మెలేసి జడ అల్లొచ్చు. మా అమ్మాయికి అల్లడం నేర్పాను. అల్లేటప్పుడు దాని చేతుల లయ ఒకటి ఉంటుంది, పైకి, కిందికి, లాగు. ఆ లయలోనే ఒక పాట వచ్చింది. బస్ వచ్చేలోపు పల్లవి అయిపోయింది, చరణం ఇంకో రోజు.

తీరిక లేనివాళ్లకి చిన్నవే గతి. కూర్గ్‌కి సెలవు కావాలి, రాలిన పువ్వుకి అక్కర్లేదు.

కోడ్_కూలీ
అక్కా, దీనికి నా దగ్గర సమాధానం లేదు.

ఇంజనీర్_జేపీనగర్
బెంగళూరులో ఏ నెలలోనైనా ఏదో ఒక చెట్టు పూసి ఉండటం కూడా ఊరికే జరగలేదు. 1908లో మైసూరు సంస్థానానికి వచ్చి లాల్‌బాగ్ చూసుకున్న క్రుంబీగెల్ అనే జర్మన్ తోటపని నిపుణుడు, ఒక జాతి పూత అయ్యేసరికి ఇంకో జాతి అందుకునేలా చెట్లు ఎంచి నాటాలని పట్టుబట్టాడు. మనం క్యాబ్ కిటికీలోంచి చూసే పూలు చాలావరకు ఆ ఆలోచన కొనసాగింపే.

రాత్రి_షిఫ్ట్
నాదొక ప్రశ్న. ఫోటో తీసుకుని తర్వాత చూసి గీయొచ్చు కదా? నేను ఫోన్‌కి క్లిప్ లెన్స్ పెట్టి పురుగుల ఫోటోలు తీస్తాను. మా పీజీ మేడ మీద గులాబీ కుండీలున్నాయి. ఆకుల అంచుల్లో ఎవరో కత్తెరతో కోసినట్టు గుండ్రటి ముక్కలు లేవు. ఏంటా అని కాపు కాస్తే ఒక చిన్న తేనెటీగ వచ్చి ఆకు అంచు మీద కూర్చుని, దవడలతో కోస్తూ తిరిగి, ముక్క తెగగానే దాన్ని కాళ్ల మధ్య పట్టుకుని ఎగిరిపోయింది. ఫోటో లేకపోతే అది ఎలా కోసిందో నాకు కనిపించేదే కాదు, క్షణంలో అయిపోయింది.

పురుగుల_మాస్టారు
ఆకు కోసే తేనెటీగ అది. కోడిగుడ్డు ఆకారపు ముక్కలు గదికి గోడలుగా చుట్టుకుంటుంది, గుండ్రటివి మూతగా పెడుతుంది. మళ్లీ చూడండి, రెండు ఆకారాలూ దొరుకుతాయి. చెట్టుకి పెద్ద నష్టమేమీ లేదు, గులాబీని ఏమీ అనకండి.

విజయక్క_మల్లేశ్వరం
రాత్రిషిఫ్ట్ బాబూ, నీకు ఫోటోయే పని, కాబట్టి నీ కళ్లు లెన్స్‌లోనే ఉంటాయి. గీసేవాళ్లకి నేను ఒప్పుకోను. ఫోటో తీయగానే మనసు "అయిపోయింది, దాచుకున్నాను" అనుకుంటుంది. పెన్సిల్‌తో గీస్తే వంపు దగ్గర చెయ్యి ఆగుతుంది, ఇక్కడ ఎడమకా కుడికా అని మళ్లీ ఆకు వైపు చూడాలి. అలా చూసినప్పుడే కనిపిస్తుంది.

రాత్రి_షిఫ్ట్
నేను మాత్రం ఫోటో తీశాకే ఎక్కువసేపు చూస్తానక్కా. పెద్దది చేసుకుని.

లయబద్ధం
ఎవరి చేతికి ఏ పనిముట్టు అలవాటైతే అది. పిట్ట పాట నేను రికార్డ్ చేసి వింటే నాకేమీ రాలేదు, పక్కన కూర్చుని వాయిస్తేనే వచ్చింది. మా ఫ్రెండ్ అదే రికార్డింగ్‌ని కంప్యూటర్‌లో సాగదీసి ట్రాక్ చేశాడు.

సుధ_అద్దకం
అందరివీ చదువుతూనే ఉన్నాను. ఆకును తుంచకుండా కొమ్మ మీదే గీశాను. ఒకటి కాదు, పట్టిన ఆకులన్నీ. రెండు ఆకుల మీద గీత ఒకేలా లేదు. ఒకదాంట్లో ఈనెను దాటలేదు, సగం ఆకులోనే మెలికలు తిరిగింది. ఇంకోదాంట్లో ఈనె పొడవునా పోయి చివర తిరిగింది. ఎన్ని మెలికలు తిరిగినా వంపుల మధ్య పచ్చని సందు మాత్రం దాదాపు ఒకే వెడల్పు. మామిడిపిందె గీసేటప్పుడు ఆ వంపు నా చేతికి ముందే తెలుసు. దీనికి ప్రతిసారీ చూడాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు తిప్పలు. దీన్ని బ్లాక్ ప్రింట్ చేయాలంటే ఎలా? గీత మొదలు వెంట్రుకంత ఉంటుంది, చివర వెడల్పు. పక్కపక్కన పేరిస్తే అతుకు తెలిసిపోతోంది.

పెడన_అచ్చు
ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు నా పని వచ్చింది. మా ఇంట్లో మూడు తరాలుగా అద్దకమే, నేను ప్రస్తుతం ఉద్యోగానికి యలహంకలో ఉంటున్నాను. మా వైపు అచ్చులు టేకు మీద చెక్కుతారు. వెంట్రుకంత గీత చెక్కతో నిలబడదు, నాలుగు అద్దకాలకే అంచు విరిగిపోతుంది. చెక్కినా రంగు పట్టి ముద్దైపోతుంది. కాబట్టి మొదలును మినపగింజంత చుక్కతో పెట్టుకోండి. పురుగు గుడ్డు అక్కడే కదా ఉండేది, మాస్టారు చెప్పిన లెక్కకి కూడా సరిపోతుంది.

అతుకు సంగతి. ఒక ఆకును పూర్తిగా ఒక అచ్చు చేయకండి. గీతను ఎక్కడ వెడల్పు సమానంగా ఉందో అక్కడ కోయండి. కుడివైపు అంచులో గీత బయటికి వెళ్లే చోటు, ఎడమవైపు లోపలికి వచ్చే చోటు ఒకే ఎత్తులో, ఒకే మందంలో ఉండాలి. అప్పుడు పక్కన పక్కన అద్దుకుంటూ పోతే ఒకే పురుగు అంచు పొడవునా పోయినట్టు ఉంటుంది. పాత మచిలీపట్నం తీగల డిజైన్లన్నీ ఈ లెక్కనే. పర్షియాకి ఎగుమతి అయిన రోజుల నుంచీ తీగ అతుకు కనపడకుండా నడవాలి, పువ్వు తర్వాత సంగతి.

ఇంకొకటి. చూసింది చూసినట్టు దించేయకండి. ఆకు మీద పది వంపులుంటే బట్టకి మూడు చాలు. ఏ మూడో మీరే ఏరుకోవాలి.

గూడూరు_రైతుబిడ్డ
పెడనన్నా, సహజరంగులేనా?

పెడన_అచ్చు
బట్టను కరక్కాయ, పాలలో ముంచి ఆరబెడితే రంగు పాకకుండా నిలుస్తుంది. నలుపు తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి చేస్తాం. ఎరుపుకి పటిక అద్ది తర్వాత ఉడకబెడతాం. వెండి రంగు మా పద్ధతిలో లేదు. కాబట్టి గీతను బట్ట రంగులోనే వదిలేసి, చుట్టూ ఉన్న ఆకును అద్దాలి. పురుగు తిన్న చోట ఖాళీ, తినని చోట రంగు.

సుధ_అద్దకం
అది నాకు తట్టలేదు! ఆకును అద్దితే గీత దానంతటదే వస్తుంది. ఇది యూనిట్‌లో ఇవాళే చెప్తాను.

అమ్మ_ఆఫ్_ఇద్దరు
ఆకుపచ్చ నేల మీద గోధుమ తెలుపు గీత. నేను కొంటాను, ముందే చెప్తున్నా.

గూడూరు_రైతుబిడ్డ
తయారైతే మా అమ్మకి ఒకటి కావాలి. నాన్న ఏమంటాడో చూద్దాం.

సుధ_అద్దకం
యూనిట్‌లో చూపించాను. ఓనర్ చాలాసేపు చూశారు. బాగుందనలేదు, బాలేదనలేదు, "శాంపిల్ వెయ్యి, ఒక మీటరు" అన్నారు. ఇది ఎక్కడా చూడలేదని మాత్రం ఒప్పుకున్నారు. పెడనన్నా, మధ్యలో ఉన్న ఆ నల్ల గీత ఉంచాలా, తీసేయాలా? కోడ్‌గారు ఏమన్నా సరే, నాకు ఉంచాలనే ఉంది.

కోడ్_కూలీ
ఉంచండి ఉంచండి. ఇన్ని పోస్టులు చదివాక దాన్ని తీసేస్తే నాకే బాధ.

పెడన_అచ్చు
ఉంచుదాం. అయితే అదే అచ్చులో పెట్టకు, ఖాళీలో సన్నగీత నిలబడాలంటే విడిగా చెక్కాలి. ఆకుకి ఒక అచ్చు, నల్ల గీతకి ఒకటి. నల్లది గీతలా కాకుండా చిన్న చిన్న చుక్కల వరసగా పెడితే విరగదు, రంగు కూడా ముద్దకట్టదు. ట్రేసింగ్ పేపర్ మీద అసలు సైజులో గీయి, పై వైపు ఏదో గుర్తు పెట్టు, రెండు అచ్చులూ ఎక్కడ కలవాలో నాలుగు మూలలా ప్లస్ గుర్తులు పెట్టు. ఊళ్లో చెక్కేవాళ్లకి నేను మాట్లాడతాను.